రవ్వంత ప్రసాదం

సత్యనారాయణ వ్రతం ముగిసింది. కొబ్బరికాయ కొట్టారు, హారతి కళ్ళకద్దుకున్నారు, ఇక ప్రసాదం పంచుతున్నారు. గోధుమనూక, పాలు, నెయ్యి, పంచదార, అరటిపండు, పైన జీడిపప్పు. పాలు పడని ఒక పసివాడి ముందుకు ఆ ఆకుదొన్నె వచ్చినప్పుడు తల్లి చెయ్యి అడ్డుపెడితే, ఆ గదిలో ఎవరో ఒక పెద్దావిడ అనే మాట మనకందరికీ తెలుసు: "ప్రసాదం కాదనకూడదమ్మా. కళ్ళకద్ది రవ్వంత నాలుక్కి రాయి, స్వామే చూసుకుంటాడు." ఆ మాటలో ప్రేమ ఉంది, భయం ఉంది, తరతరాల నమ్మకం ఉంది. అందుకే దాన్ని మూఢనమ్మకమని ఒక్క మాటతో కొట్టిపారేయడం నాకిష్టం లేదు. దాన్ని ఒక ధర్మసందేహంగా తీసుకోవాలి, జవాబు కూడా ధర్మం మాట్లాడే భాషలోనే వెతకాలి. ఒంటికి పడని ప్రసాదాన్ని వద్దనడం దోషమా? కాదని నేనంటాను. ప్రసాదం గురించి మన గ్రంథాలూ ఆచారాలూ చెప్పేది నిదానంగా చదివితే, ఈ విషయంలో పుచ్చుకునేవాడి కన్నా పెట్టేవాడి మీదే ఎక్కువ బరువు పడుతుందని కూడా అంటాను.

ముందు ఒంట్లో ఏం జరుగుతుందో తేల్చుకోవాలి. మన పొరపాట్లు చాలావరకు "పడదు" అనే మాట దగ్గరే మొదలవుతాయి. కాకరకాయ అంటే అయిష్టమైనా పడదంటాం, పాలు తాగితే కడుపుబ్బరించినా పడదంటాం, పల్లీలు తిని ఊపిరాడకపోయినా పడదనే అంటాం. పాలలోని చక్కెరను అరిగించే ఎంజైము తక్కువైతే వచ్చే ఉబ్బరం ఇబ్బందే గాని ప్రాణం తీయదు. గ్లూటెన్ వల్ల పేగు లోపలి పొర దెబ్బతినే సీలియాక్ జబ్బు నెమ్మదిగా పీడిస్తుంది. అలర్జీ ఈ రెండూ కాదు. ఒంటిని కాపాడవలసిన వ్యవస్థే పాలలోనో, గుడ్డులోనో, వేరుశనగలోనో ఉన్న ప్రోటీనును శత్రువని పొరబడి, దానికోసం ఐజీఈ అనే ప్రతిరక్షకాలను తయారుచేసి పెట్టుకుంటుంది. అవి మాస్ట్ కణాల మీద కాపు కూర్చుంటాయి. అదే ప్రోటీను మళ్ళీ లోపలికి వచ్చినప్పుడు ఆ కణాలు హిస్టమిన్ వంటి రసాయనాలను ఒక్కపెట్టున వదిలేస్తాయి. దద్దుర్లతోనో, పెదవుల వాపుతోనో, వాంతితోనో ఆగితే అదృష్టం. శ్వాసనాళాలు బిగుసుకుపోయి, రక్తపోటు పడిపోతే నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. దాన్నే అనాఫిలాక్సిస్ అంటారు. ఆ పేరు పెట్టింది 1902లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు షార్ల్ రిషే, పాల్ పోర్టియే. సముద్రజీవుల విషాన్ని కుక్కలకిచ్చి వాటికి తట్టుకునే శక్తి అలవాటు చేద్దామని చూస్తే, కొన్ని వారాల తర్వాత రెండోసారి ఇచ్చిన కొద్దిపాటి మోతాదుకే అవి చచ్చిపోయాయి. ఈ పరిశోధనకే రిషేకు 1913లో నోబెల్ బహుమతి వచ్చింది. అలర్జీ అన్న మాట 1906లో వియన్నా వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కేది. ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది 1921 నాటి ప్రయోగం. హైంజ్ కుస్ట్‌నర్ అనే వైద్యుడికి వండిన చేప పడదు. ఆయన సహచరుడు కార్ల్ ప్రౌస్నిట్జ్‌కు చేపతో ఏ ఇబ్బందీ లేదు. కుస్ట్‌నర్ రక్తరసాన్ని కొద్దిగా తన చర్మంలోకి ఎక్కించుకుని, మర్నాడు అదే చోట చేపసారం పొడిపించుకుంటే, ప్రౌస్నిట్జ్‌కు ఆ చోట దద్దురు లేచింది. అంటే ఇది ఒకరి భయమో, బెట్టో, భక్తి లేకపోవడమో కాదు. ఒకరి నుంచి ఇంకొకరికి సూదితో ఎక్కించగలిగిన వస్తువు రక్తంలో ఉంది. ఆ వస్తువు ఐజీఈ అని 1960లలో ఇషిజాకా దంపతులు అమెరికాలోనూ, యోహాన్సన్, బెన్నిక్ స్వీడన్‌లోనూ తేల్చారు.

ఇప్పుడు "రవ్వంత" దగ్గరికి వద్దాం. ఈ వ్యాసానికి కీలకం ఆ మాటే. మన సంప్రదాయం మొండిది కాదు. షుగరున్న పెద్దాయన లడ్డూలో చిటికెడు తుంచుకుని మిగతాది మనవడి చేతిలో పెడతాడు, ఎవరూ తప్పుపట్టరు. ఏకాదశి ఉపవాసమున్నవారు ప్రసాదం కళ్ళకద్దుకుని దాచుకుని ద్వాదశినాడు తింటారు. ఇలా ఒంటికీ వ్రతానికీ మధ్య రాజీ కుదర్చడానికి మనవాళ్ళు కనిపెట్టిన ఉపాయమే రవ్వంత. మర్యాద దక్కుతుంది, ఒళ్ళూ చెడదు. షుగరు విషయంలో అది సరైన ఉపాయం కూడా, ఎందుకంటే అక్కడ అడగవలసింది ఎంత తిన్నావని. అలర్జీలో అడగవలసింది తిన్నావా లేదా అని. శరీరం తూకం వేయడం లేదు, గుర్తుపడుతోంది. తీవ్రమైన వేరుశనగ అలర్జీ ఉన్న కొందరికి కొన్ని మిల్లీగ్రాముల ప్రోటీను చాలు, అంటే పప్పులో ఓ చిన్న ముక్క. పోయినసారి పెదవి వాచి ఊరుకుంది కదా అంటే, ఈసారి కూడా అంతే అవుతుందని ఏ వైద్యుడూ హామీ ఇవ్వలేడు. అనాఫిలాక్సిస్ వచ్చాక పనిచేసే మొదటి మందు అడ్రినలిన్, తొడ కండరంలోకి, వెంటనే. దురద తగ్గించే మాత్ర మూసుకుపోతున్న శ్వాసనాళాన్ని తెరవలేదు. పాశ్చాత్య దేశాల్లో ఆ మందు పెన్ను ఆకారంలో, ఎవరైనా పొడవగలిగేలా దొరుకుతుంది. మన దగ్గర అది అంత తేలికగా దొరకదు, ఆంపూలూ సిరంజీ తీసుకుని, వాడడం వైద్యుడి దగ్గర నేర్చుకోవాలి. ఎక్కువమంది దగ్గర ఆ మాత్రం కూడా ఉండదు. కాబట్టి మన ఇళ్ళల్లో అన్నిటికన్నా దయగా వినిపించే ఆ రాజీమాట ఈ ఒక్క సందర్భంలో అన్నిటికన్నా ప్రమాదకరం. మొండిగా "మొత్తం తినాల్సిందే" అనేవాళ్ళను తల్లిదండ్రులు ఎదిరించగలరు. ప్రేమగా రవ్వంత అడిగినవాళ్ళను ఎదిరించడం కష్టం.

దీనికి ఎదురయ్యే బలమైన ఆక్షేపణ వ్రతకథలోనే ఉంది. దాన్ని పక్కన పెట్టి మాట్లాడడం నిజాయితీ కాదు. సాధువనే వర్తకుడి కూతురు కళావతి, భర్త ఓడ రేవుకు వచ్చిందని విని, పూజ అయినా ప్రసాదం తీసుకోకుండా పరుగెత్తింది. ఆమె కళ్ళముందే ఓడ, భర్తతో సహా మాయమైంది. ఇంటికి తిరిగివచ్చి ప్రసాదం తిన్నాకే భర్త దక్కాడు. వేటకు వెళ్ళిన తుంగధ్వజ మహారాజు మర్రిచెట్టు కింద గొల్లలు చేస్తున్న పూజను చూసి కూడా దగ్గరికి పోలేదు, నమస్కరించలేదు, వాళ్ళు తెచ్చి ముందు పెట్టిన ప్రసాదాన్ని ముట్టలేదు. కొడుకులనూ సంపదనూ పోగొట్టుకున్నాడు. వ్రతం చేసిన ప్రతి ఇంట్లో ఈ రెండు కథలూ చదువుతారు, పిల్లలు వింటారు. ప్రసాదం వద్దంటే కీడు జరుగుతుందన్న భయం గాలిలోంచి రాలేదు, ఇక్కడి నుంచే వచ్చింది. అయితే కథ ఏ నేరానికి శిక్ష వేసిందో చూడండి. రాజు ప్రసాదం వదిలింది ఒంటికి పడక కాదు, అది గొల్లలు పెట్టింది కాబట్టి. కథ దానికి గర్వమనే పేరు పెట్టింది. అతడు బాగుపడింది కూడా ఆ గొల్లల మధ్యకే తిరిగివెళ్ళి, వాళ్ళతో కలిసి పూజచేసి, వాళ్ళు పెట్టింది తిన్నప్పుడు. నా దృష్టిలో అది కులగర్వం మీద మన ఇళ్ళల్లో ఏటా చదివే తీర్పు. మనం దాన్ని అలా వినడం మానేశాం, అది వేరే బాధ. కళావతిది తొందర, మొక్కిన మొక్కును తోసేసి పోవడం. ఇక ప్రసాదానికి అడ్డుపెట్టిన ఆ తల్లి చేతిలో గర్వముందా, నిర్లక్ష్యముందా? ఆమె పూజంతా కూర్చుంది, కథ విన్నది, హారతి తీసుకుంది. తప్పు మనసులో ఉందని చెప్పే కథను తెచ్చి, మనసులో ఏ తప్పూ లేనివాళ్ళ మీద ప్రయోగించడం ఆ కథకే అన్యాయం.

సరే, ఇంకొకరు అనవచ్చు: నైవేద్యమయ్యాక అవి పాలూ గోధుమలూ కావు, ప్రసాదం. దేవుడి దృష్టి సోకిన పదార్థం హాని చేయదు. ఈ వాదనకు జవాబు చెప్పడానికి నేను ఇంకొక మతాన్ని సాక్ష్యం పిలుస్తాను, ఎందుకంటే అర్పించిన ఆహారం మారిపోతుందని అంత గట్టిగా చెప్పిన సిద్ధాంతం మరొకటి లేదు. క్యాథలిక్కుల విశ్వాసంలో బలిపూజలో గురువు ఆశీర్వదించిన రొట్టె, ద్రాక్షారసం నిజంగానే క్రీస్తు శరీరం, రక్తం అవుతాయి. తెలుగు క్యాథలిక్కులు దాన్ని పిలిచే పేరు దివ్యసత్ప్రసాదం. మన మాటే అక్కడికీ వెళ్ళింది. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ ఈ మార్పును వివరిస్తూ, మారేది సారం, రంగూ రుచీ వంటి గుణాలు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయని చెప్పాడు. అక్కడితో ఆగలేదు. ఆశీర్వదించాక ఆ పాత్రలో విషం కలిసిందని తెలిస్తే ఏం చేయాలన్న ప్రశ్న కూడా వేసుకున్నాడు. గురువు దాన్ని తాగకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు, వేరే పాత్రలో భద్రంగా ఉంచాలి, జీవమిచ్చేది చావు కాకూడదు గనక, అన్నది ఆయన జవాబు. అందులోని పవిత్రతను ఆయన ఇసుమంతైనా తగ్గించలేదు, తాగమని మాత్రం చెప్పలేదు. ఏడు శతాబ్దాల తర్వాత సీలియాక్ రోగుల విషయంలో వాటికన్ ఇదే ప్రశ్నను ఎదుర్కొంది. రొట్టె గోధుమదే కావాలన్నది అక్కడి నియమం. 2003లో ఇచ్చిన నిర్ణయంలో గ్లూటెన్ బొత్తిగా లేని రొట్టె చెల్లదన్నారు, అతి తక్కువ గ్లూటెన్ ఉన్నది చెల్లుతుందన్నారు, అదీ పడనివారు ద్రాక్షారసం ఒక్కటే తీసుకుంటే చాలు, లోటేమీ లేదన్నారు. అమెరికాలోని మిస్సోరిలో క్లైడ్ అనే చోట బెనెడిక్టైన్ సన్యాసినులు నూటికి 0.01 వంతు గ్లూటెనే ఉండే రొట్టెబిళ్ళలు తయారుచేశారు. గోధుమ తప్పదన్న పట్టుదల నాకు కఠినంగానే తోస్తుంది. అయినా ఆ సంఘం ఒక్క విషయంలో కళ్ళు మూసుకోలేదు: రొట్టె దేవుడి శరీరమైనా, పేగుకు అది గ్లూటెనే. ద్రవ్యం మారిపోతుందని అంత గట్టిగా నమ్మేవారే ఈ మాట ఒప్పుకున్నప్పుడు, మనం ఒప్పుకోకపోవడానికి కారణం లేదు. మన ప్రసాదానికి ఆ భారమే లేదు. ప్రసాదమంటే మొదటి అర్థం తేటదనం, నిర్మలత్వం, అనుగ్రహం. గీత రెండో అధ్యాయంలో ఆ మాట వచ్చినప్పుడు అక్కడ ఏ తినుబండారమూ లేదు, ఇంద్రియాలు లొంగినవాడికి దక్కే మనసు తేట ఉంది. తినే పదార్థానికి ఆ పేరు ఆ తేట నుంచి, ఆ దయ నుంచి వచ్చింది. దయకు గుర్తుగా చేతికి వచ్చినదాన్ని కళ్ళకద్దుకుని పక్కవాడికి ఇచ్చినవాడు దయను తిరస్కరించలేదు.

భక్తి ఉంటే విషమూ అమృతమవుతుందని, ప్రహ్లాదుణ్ణి చూడమని అనేవాళ్ళున్నారు. చూద్దాం. ఆ కథలో పసివాడికి విషం పెట్టించింది ఎవరు? హిరణ్యకశిపుడు. విష్ణువు ఏనాడూ ప్రహ్లాదుణ్ణి "విషం తిని నీ భక్తి చూపించు" అనలేదు. తినిపించి పరీక్షించడం రాక్షసుడి పని, కాపాడడం దేవుడి పని అని ఆ కథ రెండు పనుల్నీ స్పష్టంగా విడదీసి చెప్పింది. పడని తిండిని ఒక బిడ్డ నోటికి అందిస్తూ దేవుడే చూసుకుంటాడనేవాళ్ళు, తెలియకుండానే, ఆ రెండిటిలో ఏ చోట నిలబడ్డారో ఆలోచించాలి. శివుడి కథ ఇంకా స్పష్టం. లోకాలను కాల్చే హాలాహలాన్ని తీసుకున్నాడు, కానీ మింగలేదు, గొంతులో నిలిపాడు. సాక్షాత్తు మహాదేవుడే విషాన్ని విషమని గుర్తించి, కడుపులోకి పోనివ్వకుండా జాగ్రత్తపడ్డాడని చెప్పే పురాణం నుంచి అజాగ్రత్తకు అనుమతి ఎలా తీస్తాం?

ఇక ఉపనిషత్తు. తైత్తిరీయంలోని భృగువల్లి అన్నాన్ని నిందించవద్దంటుంది, మరో అడుగు వేసి అన్నాన్ని కాదనవద్దని కూడా వ్రతంగా చెబుతుంది. ప్రసాదం తినమనేవాళ్ళకు వ్రతకథ కన్నా గట్టి ఆధారం ఇదే, నిజానికి. కానీ ఆ వ్రతాలు వరసలో చెప్పినవి. నిందించవద్దు, కాదనవద్దు, అన్నం ఎక్కువగా పండించు, గడపకు వచ్చినవాణ్ణి వెళ్ళగొట్టవద్దు. ఆ వరస చివరికి అన్నం నుంచి మనిషి దగ్గరికి చేరుతుంది. అన్నం గౌరవం ఎందుకంటే అది ప్రాణాన్ని నిలిపేది గనక. ప్రాణాన్ని తీసే చోట ఆ గౌరవం పేరుతో తినిపించడం వ్రతాన్ని తలకిందులు చేయడమే. అదే వల్లి శరీరాన్ని అన్నం తినేదిగా చెబుతుంది. అదే ఉపనిషత్తు ఆనందవల్లిలో, ప్రాణులు తినేదీ ప్రాణులను తినేదీ రెండూ అన్నమేనని ఆ మాటకు వ్యుత్పత్తి చెబుతుంది. అన్నం పరబ్రహ్మ స్వరూపమని పీట మీద కూర్చోగానే చెప్పుకునే మనం ఈ రెండో సగాన్ని ఎప్పుడూ చెప్పుకోం. అన్నం మనిషిని తినగలదని ఆ ఋషులకు తెలుసు. వైద్యం వైపు చూస్తే, చరకసంహిత విమానస్థానం మొదటి అధ్యాయంలో ఆహారం మేలు చేస్తుందా కీడు చేస్తుందా అన్నది నిర్ణయించే ఎనిమిది విషయాలు చెప్పారు. పదార్థ స్వభావం, వండే తీరు, కలయిక, పరిమాణం, దేశం, కాలం, తినే నియమాలు, ఎనిమిదోది ఉపయోక్త, అంటే తినేవాడు. ఇది ఎవరి ఒంటికి ఏది అలవాటో వాళ్ళను బట్టి ఉంటుందన్న మాట. గ్రీకు వైద్యగ్రంథం ఒకటి కూడా జున్నును ఉదాహరణగా తీసుకుని, అదే జున్ను ఒకడికి బలమిచ్చి ఇంకొకణ్ణి పడగొడుతుంది గనక జున్ను అందరికీ చెడ్డదనడం తప్పని వాదించింది. చరకుడికి అలర్జీ ముందే తెలుసని నేననను. ఐజీఈని ఆయన గ్రంథంలో వెతకడం ఆయనకూ గౌరవం కాదు. ఆయన నిలబెట్టిన నియమం మాత్రం ఇక్కడ సరిగ్గా అమరుతుంది: తినేవాణ్ణి లెక్కలోకి తీసుకోకుండా పదార్థం మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు జవాబే లేదు. పూర్వకర్మ వల్ల వచ్చిందాన్ని అనుభవించాల్సిందే గదా అనేవారికి కూడా చరకసంహిత అదే విమానస్థానం మూడో అధ్యాయంలో జవాబుంది. ఆయుష్షు ముందే రాసిపెట్టి ఉంటే మందులెందుకు, మదపుటేనుగును చూసి పక్కకు తప్పుకోవడమెందుకు అని అక్కడ అడుగుతారు. కర్మను నమ్మేవాళ్ళు కూడా పామును చూసి కాలు వెనక్కి తీసుకుంటారు.

మా కాలంలో ఇవేవీ లేవు, ఇదంతా కొత్త వేషం అనే పెద్దల మాటలో ఒక పిసరు నిజముంది, దాన్ని ఒప్పుకోవాలి. కర్ణాటకలో పెద్దవాళ్ళ మీద జరిపి 2016లో ప్రకటించిన ఒక అధ్యయనంలో, ఏదో ఒక ఆహారానికి ఐజీఈ ఉన్నవారు 26.5 శాతం తేలారు. వాళ్ళలో తిన్నప్పుడు లక్షణాలు కూడా కనిపించి, అలర్జీ అని చెప్పదగినవారు మొత్తం మీద 1.2 శాతమే. రక్తపరీక్ష కాగితం చూసి పది రకాల తిండి మానేసేవాళ్ళు, అయిష్టానికి అలర్జీ అని పేరు పెట్టేవాళ్ళు, నిజంగా ప్రమాదంలో ఉన్నవాళ్ళ మాటకు విలువ లేకుండా చేస్తున్నారు. వద్దనే హక్కు అడిగేవాడికి, వైద్యుడి దగ్గర నిజం తేల్చుకునే బాధ్యత కూడా ఉంది. ఇంకో సంగతి పెద్దలకు ఊరటనిస్తుంది. లండన్‌లో 640 మంది పసిపిల్లలతో చేసి 2015లో ఫలితాలు ప్రకటించిన ప్రయోగంలో, వేరుశనగ అలర్జీ వచ్చే అవకాశం ఎక్కువున్న పిల్లల్లో కొందరికి 4 నుంచి 11 నెలల వయసులోనే దాన్ని తినిపించడం మొదలుపెట్టారు, కొందరికి అయిదేళ్ళదాకా పూర్తిగా దూరం పెట్టారు. మొదట్లో చర్మపరీక్షలో ఏమీ కనిపించని పిల్లల్లో, దూరం పెట్టినవారిలో 13.7 శాతానికి అలర్జీ వస్తే, తిన్నవారిలో వచ్చింది 1.9 శాతానికి. ఆరో నెలలో అన్నప్రాశన చేసి ఇంట్లో తినేవన్నీ మెల్లగా అలవాటు చేయాలన్న మన పద్ధతి మీద నాకు దీనితో గౌరవం పెరిగింది. కానీ రాకుండా అలవాటు చేయడం వేరు, వచ్చాక తినిపించడం వేరు. వచ్చినవాళ్ళకు కొలిచి కొలిచి తినిపించే వైద్యం ఉన్నమాట నిజమే, అయితే అది చేసేది అడ్రినలిన్ చేతిలో పెట్టుకున్న వైద్యుడి ఎదుట, వ్రతం పీటల మీద కాదు. ఇక మా కాలంలో లేదన్న మాటకు వస్తే, ఆ కాలంలో పేరు లేకుండా పోయిన పసిపిల్లలెందరో. పాలు తాగి "గుణం చేసి" పోయారనుకున్న వాళ్ళలో ఎవరికి ఏం జరిగిందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు.

ఇంతదాకా పుచ్చుకునేవాడి వైపు మాట్లాడాను. పెట్టేవాడి వైపు చూస్తే సంగతి మరింత గంభీరం. దానం గురించి గీత దేశం, కాలం, పాత్ర చూసి ఇవ్వమంది. అన్నదానంలో పాత్రత చూడకూడదని, ఆకలే అర్హత అని మన సంప్రదాయం దాన్ని ఇంకా విశాలం చేసింది, అది గొప్ప సంగతి. కానీ అర్హత చూడవద్దంటే శరీరం చూడవద్దని కాదు. పెట్టేది ఎదుటివాడికి ప్రాణమిస్తుందా లేదా అన్నది చూడకుండా పెట్టడం దానం ఎలా అవుతుంది? మన ప్రసాదాల్లో కంటికి కనిపించనివి చాలా ఉన్నాయి. పులిహోరలో పల్లీలు కనిపిస్తాయి, పోపు పల్లీనూనెతో వేశారో లేదో కనిపించదు. కొట్లో దొరికే ఇంగువ పొడిలో గోధుమపిండో మైదానో కలిసి ఉంటుందని ఎంతమందికి తెలుసు? బియ్యంతో చేసింది కదా అని గోధుమ పడనివాడు ధైర్యంగా తినేస్తాడు. నేతిలో పాల ప్రోటీను తక్కువే, లేదని కాదు. అభిషేకమైన రోజు తీర్థమంటే పంచామృతం, అందులో పాలూ పెరుగూ ఉంటాయి. తీర్థం చుక్కే కదా అనుకోవడానికి వీల్లేదు. చక్కెరపొంగలి గరిటెతోనే పులిహోర వడ్డిస్తే, జీడిపప్పు లేని ప్రసాదం అంటూ మిగలదు. దుకాణంలో కొన్న పొట్లం మీద పాలు, గుడ్డు, చేప, వేరుశనగ, చెట్టుగింజలు, సోయా, గ్లూటెనున్న ధాన్యాలు ఉంటే తెలియజేయాలని మన ఆహార భద్రత సంస్థ 2020 నిబంధనల్లో చెప్పింది. అదే సంస్థ గుళ్ళలోని ప్రసాదాల శుభ్రత కోసం 2018లో భోగ్ అనే కార్యక్రమం పెట్టింది. ఆకులో చేతికందే పిడికెడు ప్రసాదానికి లేబులు ఉండదు. ఉండాలంటే పరాయి పద్ధతి తేనక్కర్లేదు. తిరుమలలో ఏ ప్రసాదానికి ఏ సరుకు ఎంత పడాలో రాసిపెట్టిన కొలతల పట్టికను దిట్టం అంటారు. లడ్డూకు శనగపిండి, చక్కెర, నెయ్యి, జీడిపప్పు, ఎండుద్రాక్ష, యాలకులు, కలకండ. వంటశాలలో ఎలాగూ ఉన్న ఆ దిట్టంలో సరుకుల పేర్లను ప్రసాదం పంచే చోట తెలుగులో, పెద్ద అక్షరాల్లో రాసి పెడితే చాలు. చిన్న గుడికైతే ఒక నల్లబల్ల, సుద్దముక్క సరిపోతాయి. అమెరికాలో తెలుగువాళ్ళు వెళ్ళే గుళ్ళకు ఇది మరీ అవసరం, అక్కడ బడిలో పల్లీల గురించి టీచరు అడిగితే చెప్పగలిగే పిల్లవాడు గుడిలో అడగడానికి బిడియపడతాడు.

ఒక్కరికోసం ఇలా మొదలుపెడితే రేపు తలా ఒక పట్టిక తెస్తారు, వ్రతం హోటలైపోతుందనే భయం ఇంకా మిగిలి ఉంది. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఆచారానికి ఒక రూపమంటూ ఉండకపోతే అది ఆచారమే కాదు. అయితే ఆ రూపాన్ని వ్రతకథే ఎంత సడలించిందో చూడండి. ప్రసాదానికి అరటిపండు, నెయ్యి, పాలు, గోధుమపిండి చెప్పి, గోధుమపిండి లేకపోతే బియ్యప్పిండి వాడమంది, చక్కెర గాని బెల్లం గాని వేయమంది. దొరకకపోవడమే కారణంగా ద్రవ్యాన్ని మార్చుకోవచ్చని ఒప్పుకున్న శాస్త్రం, ప్రాణాపాయం కారణంగా మార్చుకోవద్దంటుందా? గోధుమ పడని బంధువు వస్తున్నాడని తెలిస్తే ఆ ఇల్లాలు బియ్యపురవ్వతో చేసినా అది కథలో చెప్పిన ప్రసాదమే. అందరికీ ఒకటే చేస్తే వాడికి విడిగా పెట్టవలసిన పనీ ఉండదు, వాడు పంక్తిలో వేరుగా కూర్చోవలసిన అవసరమూ ఉండదు. శ్రీరామనవమి పానకం, వడపప్పులో పాలూ గోధుమా పల్లీ ఏవీ లేవు. మన పండగల్లో ఇలాంటివి వెతికితే చాలానే ఉన్నాయి.

పాలు పడని ఆ పసివాడికి మాత్రం బియ్యపురవ్వ సరిపోదు. వాడికోసం చేయవలసింది ఇంకా సులువు. కథ చెప్పిన పట్టికలో మొదటి పేరు అరటిపండు. నైవేద్యానికి పెట్టిన అరటిహస్తంలోంచి ఒక పండు ముందే పక్కకు తీసి, వేరే పళ్ళెంలో, తడి లేని చేత్తో ఉంచాలి. పాలూ నూకా కలిపిన గిన్నెలోకి వెళ్ళకముందే తీయాలి, కలిపాక ఏరి ఇస్తే లాభం లేదు. పంచామృతం తాకిన చేత్తో తొక్క ఒలిచి ఇవ్వకూడదు, తల్లే ఒలుస్తుంది. అది స్వామికి నివేదించిన పండు, పూర్తి ప్రసాదం, రవ్వంత కాదు. అరటిపండు కూడా పడని పిల్లలుంటారు. వాళ్ళకు ఏం పెట్టాలో వ్రతానికి రమ్మని బొట్టుపెట్టి పిలిచేటప్పుడే ఆ తల్లిని అడిగి తెలుసుకోవాలి.